గాలికి గడియ

హైటెక్ సిటీ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్, దాని వెనకాల వరసకట్టిన అద్దాల మేడలు, వాటిల్లో రాత్రీ పగలూ తేడా లేకుండా కంప్యూటర్ల ముందు కూర్చునే మన పిల్లలు. ఆ మేడలకు నాలుగడుగుల దూరంలో, గచ్చిబౌలిలో, కంప్యూటర్ కంటే చాలా పాతదైన ఒక యంత్రాన్ని చేతబట్టి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న పిల్లలు కూడా కొందరున్నారు. ఆ యంత్రం గాలి తుపాకి. అందులో మందు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. కుక్కి పెట్టిన గాలి ఒక్కసారి బయటికొచ్చి చిన్న సీసపు గుండును తోసేస్తుంది. అంతే.

తుపాకులతో మనకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. దీని మర్మమంతా మన వంటింట్లో వున్నదే.

గాలిని కుక్కడం పెద్ద విద్య కాదు. సైకిలు పంపు వున్న ప్రతివాడూ కుక్కగలడు. కుక్కిన గాలిని పట్టి వుంచి, కావాలన్న క్షణాన, కావలసినంత మేరకే వదిలి, మళ్ళీ తలుపు మూసెయ్యడం — అదీ విద్య. ఆ తలుపునే వాల్వు అంటాం. పుస్తకాల్లో కవాటం అని రాస్తారు. కవాటమంటే తలుపే కదా. మన గుండెలో నాలుగున్నాయి. కుక్కరు మీద విజిల్ వేసేదీ ఒక కవాటమే. గ్యాసు సిలిండరు మూతి తీసి చూస్తే లోపల ఒక చిన్న పుల్ల కనిపిస్తుంది. రెగ్యులేటరు పెట్టినప్పుడు అది కిందికి నొక్కుకుంటుంది, గ్యాసు వస్తుంది. రెగ్యులేటరు తీసేస్తే లోపలి ఒత్తిడే దాన్ని పైకి నెట్టి దారి మూసేస్తుంది. ఈ పుల్లను కాస్త జ్ఞాపకం వుంచుకోండి. గాలి తుపాకి చరిత్ర చాలావరకు ఈ పుల్ల చరిత్రే.

అలాంటి పాత తలుపు ఒకటి మన పొరుగునే వుంది. బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో, ఆషాఢంలో జగన్నాథ రథయాత్ర జరుగుతుంది. దాన్ని గోంచా పండుగ అంటారు. ఆ రోజుల్లో పిల్లా పెద్దా అందరి చేతుల్లోనూ ‘తుప్కీ’ అనే వెదురు గొట్టం వుంటుంది. గొట్టంలో పెంగు కాయ ఒకటి ఈ చివర బిగించి, ఇంకొకటి ఆ చివర పెట్టి పుల్లతో తోస్తారు. రెండు కాయల మధ్యా గాలి నలిగి నలిగి, ఇక పట్టలేక, ముందున్న కాయను టప్పుమని ఎగరగొడుతుంది. అక్కడ కాయే గుండు, కాయే తలుపు. మీట లేదు, సుత్తి లేదు. ఎప్పుడు పేలుతుందో తోసేవాడికి కూడా సరిగ్గా తెలియదు. పండుగకి అది చాలు, సరదా కూడా. యుద్ధానికి చాలదు.

యుద్ధానికి పనికొచ్చే తలుపు కోసం ఐరోపాలో గడియారాలు చేసేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు వందల ఏళ్ళు తంటాలు పడ్డారు. వాళ్ళలో గెలిచినవాడు బార్తొలొమియో జిరార్డోనీ. 1780 ప్రాంతంలో ఆయన చేసిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. భుజానికి ఆనించే మడమ భాగమే గాలి డబ్బా. దాన్ని విప్పి చేతి పంపుతో గాలి కొట్టాలి. ఎన్నిసార్లనుకున్నారు? రమారమి 1,500 సార్లు! పిండి రుబ్బినా ఇంత శ్రమ వుండదు. అంత కొడితే లోపలి ఒత్తిడి మామూలు గాలికి 50 రెట్లు వుంటుంది. మన కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపల వుండేది బయటిదానికి రెట్టింపు మాత్రమే. ఇక ఊహించుకోండి.

ట్రిగ్గరు లాగగానే ఒక చిన్న మీట టక్కున కొట్టుకుని కవాటపు పుల్లను నెడుతుంది. కన్నుమూసి తెరిచేలోగా గాలి ఒక గుక్కెడు బయటికొచ్చి, మళ్ళీ తలుపు పడుతుంది. డబ్బాలోని గాలంతా ఖర్చయిపోదు కాబట్టి గుండు వెంట గుండు పేల్చవచ్చు. పక్కన గొట్టంలో 20 గుళ్ళు. మిగతా సైనికులందరూ ఒక్కొక్క గుండుకీ మందు పోసి, గజంతో దట్టించి, నిప్పు రవ్వ కోసం ప్రార్థించే రోజుల్లో ఇది మాయాజాలం లాగే వుండివుంటుంది.

మరి ఎందుకు పోయింది? దెబ్బకొట్టింది తోలు వాషరు. గాలి కారకుండా వేసిన తోలు బిళ్ళలు ఎండితే కుంచించుకుపోతాయి. వాటిని ఎప్పుడూ తడిగా వుంచాలి. కిరసనాయిలు పంపు స్టవ్ వాడిన ఇల్లాళ్ళకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. పంపు ఎంత కొట్టినా మంట లేవకపోతే, వాషరు తీసి నూనె చుక్క వేసి వేళ్ళతో విప్పారదీసి మళ్ళీ పెట్టేవాళ్ళం. వంటింట్లో అయితే కాఫీ ఆలస్యమవుతుంది. యుద్ధరంగంలో అయితే ప్రాణం పోతుంది. పైగా డబ్బాలో గాలి తగ్గుతున్నకొద్దీ గుండు జోరు తగ్గుతుంది. మొదటి గుండు వెళ్ళినంత దూరం ముప్పయ్యోది వెళ్ళదు. 1815 నాటికి ఆస్ట్రియా సైన్యం వీటిని అటకెక్కించేసింది.

అటకెక్కకముందే ఇలాంటి తుపాకి ఒకటి అమెరికా చేరింది. జెఫర్సన్ అధ్యక్షుడిగా వున్నప్పుడు, ఆ ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి రమ్మని పంపిన మెరివెదర్ లూయిస్ వెంట గాలి తుపాకి వుంది. అది జిరార్డోనీదేనని చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం. 1803 ఆగస్టు చివర, ప్రయాణం మొదలైన రోజునే, పిట్స్‌బర్గ్ దగ్గర ఒడ్డున చేరిన జనానికి లూయిస్ దాన్ని పేల్చి చూపించాడు. తరవాత అలవాటు లేని ఒక పెద్దమనిషి చేతికిచ్చాడు. అది కాస్తా పేలింది. 40 గజాల దూరంలో నుంచున్న ఒక స్త్రీ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత చీరుకుంది. ఆవిడ నేలకొరిగింది, రక్తం ధారకట్టింది, అందరూ చచ్చిపోయిందనే అనుకున్నారు. నిమిషంలో తేరుకుంది. గాయం ప్రాణం తీసేంతటిది కాదని తేలింది. ఇదంతా లూయిస్ తన దినచర్యలో రాసుకున్నాడు గానీ ఆ స్త్రీ పేరు మాత్రం రాయలేదు. తుపాకి గురించి రాసినవాళ్ళెవరూ ఆవిడని గురించి అడగనూ లేదు. గాలే కదా, బొమ్మ తుపాకే కదా అని పిల్లల చేతికిచ్చేవాళ్ళకి ఆవిడ కథ ఒకసారి వినిపించాలని నాకనిపిస్తుంది.

పెద్దవాళ్ళ ఆటలు ఇంతటితో ఆగలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికావాళ్ళు వెసూవియస్ అనే యుద్ధనౌకకి మూడు గాలి ఫిరంగులు బిగించారు. డైనమైటు మామూలు మందు దెబ్బకి గొట్టంలోనే పేలిపోతుందేమోనని భయం, గాలితో అయితే మెత్తగా నెట్టవచ్చని ఆశ. ఆ ఫిరంగులు కదలవు. గురి మార్చాలంటే ఓడనే తిప్పాలి. దూరం మార్చాలంటే కవాటం ఎంత గాలి వదలాలో మార్చాలి. 1898లో క్యూబాలోని శాంటియాగో మీద రాత్రిళ్ళు పేల్చారు. చప్పుడు లేకుండా వచ్చి పడే గుళ్ళకు జనం హడలిపోయారట. ఆ తరవాత ఆ ఫిరంగుల ఊసు లేదు.

యుద్ధాలకి పనికిరాని ఈ తుపాకి తిరునాళ్ళలో బుడగలు పేల్చుకోవడానికి మిగిలింది. అలాంటి కొట్లల్లో గోడకి వరసగా బుడగలు కట్టి, చేతికిచ్చే తుపాకిని మధ్యకు విరిచి గుండు పెట్టిస్తారు. వాటిల్లో దాచిపెట్టిన గాలి వుండదు. బలమైన స్ప్రింగు ఒకటి ముందుకు దూకి అప్పటికప్పుడు గాలిని నలుపుతుంది. ఆ దూకుడుకి తుపాకి చేతిలో ముందుకీ వెనక్కీ ఎగిరిపడుతుంది. అందుకే మనవాళ్ళు ఎంత గురిపెట్టినా బుడగ నవ్వుతూనే వుంటుంది. కొట్టువాడి మోసం కొంతా, స్ప్రింగు మోసం కొంతా.

జర్మనీలోని తుపాకులవాళ్ళు ఈ ఎగిరిపడే జబ్బుకి మందు వెతికారు. 1970లలో, 80లలో ఒక పద్ధతి వచ్చింది. పక్కనున్న మీటను ఒక్కసారి లాగి మూస్తే ఒక్క గుండుకి సరిపడా గాలి నిండి, కవాటం వెనక ఆగి వుంటుంది. ట్రిగ్గరు లాగితే తలుపు తెరుచుకుంటుంది. స్ప్రింగు దూకుడు లేదు, కుదుపు లేదు. బాగానే వుంది గానీ గుండు గుండుకీ ఆ మీట లాగాలి. పోటీలో మగవాళ్ళకి 60 గుళ్ళు, సాధనలో వందలు. పది పన్నెండేళ్ళ పిల్ల సాయంత్రానికి భుజం పట్టుకుని కూర్చుంటుంది.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తుపాకి మగవాడి వస్తువని లోకం తీర్మానించుకున్నప్పుడు, 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మార్గరెట్ మర్డాక్ అనే అమెరికన్ మగవాళ్ళతో కలిసి రైఫిల్ పోటీకి దిగింది. అది గాలిది కాదు, మందు తుపాకి. ఆవిడకీ, ఆవిడ దేశంవాడే అయిన లానీ బాషమ్‌కీ పాయింట్లు సమానం వచ్చాయి. చివరి గుళ్ళ లెక్క చూసి బంగారు పతకం అతనికిచ్చారు. అతను పెద్దమనిషి. జాతీయగీతం మోగుతున్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టి తను నుంచున్న పైమెట్టు మీదికి లాక్కున్నాడు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో స్త్రీలకి వేరే షూటింగ్ పోటీలు పెట్టారు. గాలి రైఫిల్ ఒలింపిక్స్‌కి వచ్చింది కూడా అప్పుడే. కానీ మగవాళ్ళకి 60 గుళ్ళు, స్త్రీలకి 40! మనం అలిసిపోతామని దయతలచారు కాబోలు. ఈ దయ 2018 దాకా కొనసాగింది. ఇప్పుడు ఇద్దరికీ 60.

మీట లాగే బాధ తప్పించాలని ముందు కార్బన్ డయాక్సైడ్ నింపిన సీసాలు పెట్టారు. అది సోడాలో వుండే వాయువే. దానికో గుణముంది. వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. పొద్దున పేల్చిన గుండూ మధ్యాహ్నం పేల్చిన గుండూ ఒకేలా వెళ్ళవు. హైదరాబాదు ఎండల్లో ఇక చెప్పేదేముంది? 1990లలో మళ్ళీ జిరార్డోనీ దారికే వచ్చారు. మామూలు గాలినే ముందుగా సిలిండరులో కుక్కి, దాన్ని తుపాకి గొట్టం కింద బిగించడం. ఈసారి ఒత్తిడి 50 రెట్లు కాదు, 200 రెట్లు.

ఇక్కడే అసలు చిక్కు. లోపలి గాలే తలుపుని బిగించి పట్టుకుంటుందని ముందే చెప్పుకున్నాం కదా. సిలిండరు నిండుగా వున్నప్పుడు అది తలుపుని ఎంత గట్టిగా అదుముతుందంటే, సుత్తి దెబ్బకి తలుపు కొంచెమే తెరుచుకుని వెంటనే పడిపోతుంది. గాలి జోరున్నా బయటికొచ్చేది తక్కువ. సిలిండరు అడుగంటినప్పుడు తలుపు బాగా తెరుచుకుంటుంది గానీ గాలికే సత్తా వుండదు. మధ్యలో కొన్ని గుళ్ళు మాత్రం ఒకేలా వెళతాయి. పెళ్ళిలో వడ్డన లాగ అన్నమాట. మొదటి బంతికి వడ్డించేవాళ్ళకి చెయ్యి రాదు, చివరి బంతికి గిన్నెలో పప్పు వుండదు.

దీనికి దొరికిన పరిష్కారం మన గ్యాసు పొయ్యి దగ్గరిదే. సిలిండరు కొత్తదైనా, రేపో మాపో అయిపోయేదైనా, పొయ్యి మీద మంట ఒకే ఎత్తున వుంటుంది. ఎందుకు? మధ్యలో రెగ్యులేటరు వుంది కాబట్టి. తుపాకిలోనూ అంతే. పెద్ద సిలిండరుకీ కవాటానికీ మధ్య ఒక చిన్న గది, దాని గుమ్మంలో రెగ్యులేటరు. 200 రెట్ల ఒత్తిడి నుంచి ఎంతో తగ్గించి, ఎప్పుడూ ఒకే కొలత గాలి ఆ గదిలోకి వదులుతుంది. కవాటానికి ఇక సిలిండరు గొడవ తెలియదు. అరగ్రాము బరువున్న గుండు ప్రతిసారీ ఒకే వేగంతో వెళుతుంది, సెకనుకి రమారమి 170 మీటర్లు. పది మీటర్ల దూరంలో వుండే గురిచుక్క వెడల్పు అర మిల్లీమీటరు. నిద్రపోతున్న చీమ తలకాయంత కూడా కాదు.

తలుపు చక్కబడ్డాక ఇక బలంతో పని లేకపోయింది. మీట వేలితో లాగేంత తేలిక. పన్నెండేళ్ళ పిల్లకీ నలభయ్యేళ్ళ పురుషుడికీ చేతిలో ఒకే గాలి. మిగిలేదల్లా ఊపిరి, నిలకడ, ఓర్పు. ఈ మూడూ ఎవరికి ఎక్కువో నేను చెప్పను, మీకు తెలుసు.

సరిగ్గా ఈ తుపాకులు లోకమంతా పాకుతున్న కాలంలోనే గచ్చిబౌలి తయారైంది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అది ముందు నడిచింది ఆబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు కుటుంబపు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ ఇంట్లో. తరవాత నగరానికి దూరంగా, రాళ్ళూ తుప్పలూ నిండిన గచ్చిబౌలికి తరలింది. అక్కడికి వెళ్ళమంటే ఊరు విడిచి వెళ్ళమన్నట్టే వుండేది. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదుకి వచ్చాయి. ఆ హడావుడిలో స్టేడియంతోపాటు విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజీ కూడా లేచింది. 2003 అక్టోబరు 26న ఆ ఆఫ్రో-ఆసియా క్రీడల్లో పది మీటర్ల గాలి రైఫిల్‌లో బంగారు పతకం గెలిచిన కుర్రవాడు మన ఊరివాడే. గగన్ నారంగ్.

ఇతను పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో. 1997లో తండ్రి ఒక గాలి పిస్తోలు కొనిస్తే బేగంపేటలో ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. తరవాత మంచి రైఫిల్ కొనడానికి ఆ తండ్రి తన స్థలం అమ్మేశాడని, కుటుంబం ఏళ్ళ తరబడి అద్దె ఇంట్లోనే వుండిపోయిందని పత్రికల్లో వచ్చింది. హైదరాబాదులో చేతిలో వున్న స్థలం అమ్ముకోవడమంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్ళకి వివరించనక్కర్లేదు. స్థలం పత్రాల మీద సంతకం పెట్టిన రోజున ఆ ఇంట్లో తల్లి ఏమనుకుందో పత్రికలవాళ్ళు అడిగివుంటే బాగుండేది. ఆ కుర్రవాడు 2008 నవంబరులో బాంకాక్ ప్రపంచకప్ ఫైనల్ పోటీలో 60 గుళ్ళకి 600 పాయింట్లూ కొట్టాడు. ఒక్కటి కూడా పోలేదు! 2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కంచు పతకం తెచ్చాడు. బంగారు పతకానికీ అతనికీ మధ్య వున్నది సరిగ్గా ఒక్క పాయింటు.

తుపాకి ఇంత నమ్మకమైనదైనా యంత్రం యంత్రమే. 2021లో టోక్యోలో మను భాకర్ అనే హర్యానా అమ్మాయి పోటీ మధ్యలో వుండగా గాలి పిస్తోలు మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయి, ఫైనల్‌కి వెళ్ళే అవకాశం చేజారింది. మూడేళ్ళ తరవాత పారిస్‌లో అదే అమ్మాయి రెండు కంచు పతకాలు గెలిచింది. సిలిండర్లకి ఆయుర్దాయం కూడా వుంది. పదేళ్ళు దాటినదాన్ని పోటీకి తీసుకురాకూడదు, తేదీ చూసుకునే బాధ్యత ఆటగాడిదే. మనం గ్యాసు సిలిండరు మెడ మీద అక్షరమూ సంవత్సరమూ చూసుకున్నట్టే. చూసుకుంటున్నాం కదూ? చూసుకోకపోతే ఇవాళే చూడండి.

2014లో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి గచ్చిబౌలిలో ఈ ఆట చూసి ముచ్చటపడింది. పేరు ఈషా సింగ్. తండ్రి కారు రేసులవాడు. ఇంట్లో ఆ హోరు విని పెరిగిన పిల్లకి కదలకుండా నుంచునే ఈ ఆట ఎందుకు నచ్చిందో! గాలి పిస్తోలుని ఒక్క చేత్తో, చెయ్యి చాపి పట్టుకోవాలి. రెండో చెయ్యి ఆసరా పెట్టకూడదు. 2018లో పదమూడేళ్ళ వయసులో జాతీయ పోటీల్లో ఈ మను భాకర్‌నీ, హీనా సిద్ధూనీ దాటి పెద్దవాళ్ళ పతకం ఎత్తుకుపోయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. వాటిల్లో రెండు గాలి పిస్తోలువే.

ధనుష్ శ్రీకాంత్ కూడా హైదరాబాదు కుర్రవాడే, గగన్ నారంగ్ పెట్టిన అకాడమీలో తయారైనవాడు. పుట్టుకతో చెవుడు. బధిరుల ఒలింపిక్స్‌లో ఒక కఠినమైన నియమముంది. వినికిడి యంత్రాలన్నీ తీసేసి బరిలోకి దిగాలి. గాలి రైఫిల్ పేలినప్పుడు వచ్చేది చిన్న ‘తప్’ మనే చప్పుడు, తలుపు పడిన చప్పుడు. మిగతావాళ్ళు దాన్ని చెవితో వింటారు. రైఫిల్ చెక్కకి ఆనించిన చెంపకి కూడా ఆ అదురు తెలుస్తుంది. ధనుష్‌కి ఆ చెంపే చాలునేమో. 2022లో బ్రెజిల్‌లోని కాషియస్ దొ సుల్‌లో గాలి రైఫిల్ బంగారు పతకం గెలిచాడు. 2025 నవంబరులో టోక్యోలో మళ్ళీ గెలిచాడు.